మదురీ, లాట్వియన్ పోలిక: రెండిట్లోనూ సంస్కృతం కనిపిస్తోంది, అంశం మార్చుకోవాలా?

ప్రశ్న:
నమస్కారమండీ. భాషాశాస్త్రం ఎం.ఏ. మొదటి ఏడాది చదువుతున్నాను. ఒకదానికొకటి చుట్టరికం లేని రెండు భాషలను పోల్చి పది పేజీలు రాయమన్నారు. ఇండొనేషియాలోని మదురీ, ఐరోపాలోని లాట్వియన్ తీసుకున్నాను. తీరా మొదలుపెట్టాక టెన్షన్ పట్టుకుంది. మదురీలో భాషను 'భాస' అంటారు. లాట్వియన్‌లో పొగను 'దూమి' అంటారు, అచ్చం మన ధూమమే. ఇక రెండు అనే అంకె మదురీలో 'దువా', లాట్వియన్‌లో 'దివి', సంస్కృతంలో 'ద్వి'. ఇన్ని కలుస్తుంటే చుట్టరికం లేదని ఎలా రాయను? వచ్చే వారమే ఇవ్వాలి.

జవాబు:
మార్చుకోకండి. మీరు చెప్పిన మూడు మాటలూ మూడు వేరు వేరు దారుల్లో వచ్చాయి. ఆ దారులు విడదీసి చూపిస్తే మీ వ్యాసంలో సగం అదే అవుతుంది.

'దూమి' పుట్టుకతో వచ్చిన మాట. లాట్వియన్ ఇండో-యూరోపియన్ కుటుంబంలో బాల్టిక్ శాఖది, లిథువేనియన్‌కు తోబుట్టువు. సంస్కృతం అదే చెట్టుకు ఇంకో కొమ్మ. దూమి, ధూమం రెండూ ఒకే పాత మాట నుంచి దిగాయి, ఎవరూ ఎవరి దగ్గరా తీసుకోలేదు. 'వీర్స్' అంటే మగమనిషి, మన వీరుడితో పోల్చండి. 'దియెవ్స్' అంటే దేవుడు.

'భాస' అరువు మాట. మదురీ ఆస్ట్రోనేషియన్ అనే వేరే కుటుంబపు భాష. మదుర దీవిలో, దానికి ఎదురుగా ఉన్న తూర్పు జావాలో మాట్లాడతారు. జావా రాజ్యాల్లో సంస్కృతానికి ఉన్న పలుకుబడి వల్ల ఇలాంటి మాటలు అక్కడ స్థిరపడ్డాయి. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. తెలుగు ద్రావిడ భాషే అయినా 'భాష' అనే మాటను సంస్కృతం నుంచే తెచ్చుకుంది కదా.

'దువా' మాత్రం పూర్తిగా కాకతాళీయం. ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకుండా వరసంతా చూడండి. మూడుకు లాట్వియన్‌లో 'త్రీస్', మదురీలో 'తెల్లొ'. ఐదుకు లాట్వియన్‌లో 'పియెత్సి', మదురీలో 'లెమ'. త్రి, పంచ ఎటు వైపు నిలబడ్డాయో కనిపిస్తోంది కదా. మదురీ 'లెమ' చుట్టాలు వేరే చోట ఉన్నారు: మలయ్‌లో, ఫిలిప్పీన్స్ తగలోగ్‌లో 'లిమ', ఎక్కడో ఆఫ్రికా పక్కన మడగాస్కర్‌లో 'దిమి'. సముద్రం మీద అంత దూరం వెళ్ళిన కుటుంబం అది.

అడిగినవారు:
చాలా థాంక్సండీ, ప్రాణం లేచొచ్చింది. అయితే వ్యాకరణం పోల్చేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? లాట్వియన్‌లో ఏడు విభక్తులు, రెండు లింగాలు ఉన్నాయి. మదురీ నామవాచకాలకు ఈ రెండూ లేవు. 'ఉంది, లేదు' అని పట్టిక వేస్తే మదురీ గడులన్నీ ఖాళీగా మిగులుతున్నాయి.

జవాబు:
ఆ పట్టిక గీసింది లాట్వియన్ కొలతలతో, అందుకే ఖాళీలు. మాట్లాడేవాళ్ళు తప్పించుకోలేనిది ఏమిటో రెండు భాషల్లోనూ అడగండి.

లాట్వియన్‌లో విభక్తి తప్పించుకోలేరు. 'మాయ' అంటే ఇల్లు, 'మాయా' అంటే ఇంట్లో. చివరి అచ్చు దీర్ఘమైతే చాలు, అర్థం మారుతుంది. తెలుగు లిపిలో రాసుకుంటే ఇది ఎంత తేటగా కనిపిస్తుందో చూడండి.

మదురీలో తప్పించుకోలేనిది మర్యాద. మాటల్లో మూడు స్థాయిలు ఉన్నాయి: ఎంజా-ఇయా, ఎంగ్ఘి-ఎంతెన్, ఎంగ్ఘి-భుంతెన్. ఆయా స్థాయిల్లో అవును, కాదు అనే మాటలే వాటి పేర్లు. తినడానికి మామూలుగా 'ఙకన్', మధ్య స్థాయిలో 'నెడ్ఢా', పెద్దవాళ్ళు తింటే 'అఢాఅర్'. మనం తిన్నావా, భోంచేశారా, ఆరగించారా అంటామే, అలాంటిదే. కాకపోతే అక్కడ ఎన్నో రోజువారీ మాటలకు ఇలాంటి జతలు ఉన్నాయి. లాట్వియన్‌లో మర్యాదంతా 'తు', 'యూస్' అనే సర్వనామాల దగ్గర, అంటే మన నువ్వు, మీరు దగ్గర ఆగిపోతుంది.

ఇంకో సభ్యులు:
ఉచ్చారణ వదిలేయకండి. నాకు మదురీలో అన్నిటికంటే అందంగా అనిపించేది అదే. హల్లును బట్టి దాని తర్వాతి అచ్చు మారుతుంది. 'భాస'లో రెండు అచ్చులూ ఒకేలా ఉండవు. 'భ' తర్వాతిది నాలుక కాస్త పైకి లేపి పలికే అచ్చు, రోమన్ లిపిలో దాని మీద టోపీ గుర్తు పెడతారు. 'స' తర్వాతిది మామూలు అచ్చు. మనకు కత్తి, కత్తులు అన్నప్పుడు అచ్చును అచ్చే లాగుతుంది, అక్కడ హల్లు లాగుతుంది. బహువచనం కూడా చూడండి: 'ఒరెంగ్' మనిషి, 'రెంగ్-ఒరెంగ్' మనుషులు. చివరి అక్షరాన్ని తెచ్చి ముందు పెడతారు. మన 'చిట్టచివర'లో మొదటి అక్షరం ముందుకొస్తుంది, అక్కడ తోక వస్తుంది.

అడిగినవారు:
ఇవన్నీ రాసుకున్నాను. తెలుగుతో పోలిక కూడా పెట్టవచ్చా, అంశం దారి తప్పుతుందా?

జవాబు:
ఒక్క పేజీ పెట్టండి, తప్పకుండా పెట్టండి. లాట్వియన్‌లో 'మన్ ఇర్ మాయ' అంటే మాటకు మాట 'నాకు ఉంది ఇల్లు'. 'మన్ పతీక్' అంటే 'నాకు నచ్చుతుంది'. ఇంగ్లిష్ వాడికి కష్టంగా ఉండేది మనకు ఇంటి వాక్యం. ఇంకా బాగున్నది, విన్న మాట చెప్పడానికి వాళ్ళకు ప్రత్యేక క్రియారూపం ఉంది. 'విఞ్ష్ ఎసువొత్ స్లిమ్స్' అంటే 'అతనికి ఒంట్లో బాగాలేదట'. ఆ 'ట' పని అంతా 'ఎసువొత్' చేస్తోంది.

ఇది చుట్టరికమూ కాదు, అరువూ కాదు. రెండు భాషలు ఎవరి దారిన అవి ఒకే ఉపాయానికి చేరాయి. 'మన్' చూసి మన 'మన' అనుకునేరు, దాని అర్థం 'నాకు'. దాన్ని 'దువా' పక్కన, కాకతాళీయాల వరసలో రాసుకోండి.