ఇంటి నుంచి పనిచేసేవాళ్ల ఆరోగ్యం ఎవరి బాధ్యత? మనకూ యూనియన్ కావాలా?

వేదాయపాళెం అక్క:
నెల్లూరులో అద్దె ఇంట్లో కూర్చుని నాలుగేళ్లుగా సాయంత్రం ఆరు నుంచి రాత్రి మూడు దాకా కస్టమర్ కాల్స్ తీసుకుంటున్నాను. భోజనాల బల్ల, ప్లాస్టిక్ కుర్చీ, అదే నా ఆఫీసు. మెడలో మొదలైన నొప్పి కుడి చేతి బొటనవేలి దాకా దిగింది. మొదట కుర్చీ మార్చమని డాక్టర్ అన్నారు. కంపెనీని అడిగితే "అది మీ ఇల్లు కదమ్మా, మేమేం చేస్తాం" అన్నారు టీమ్ లీడ్. మరుసటి నెల నా రేటింగ్ తగ్గింది. ఒక్కరే అడిగితే ఇంతే. మనకూ యూనియన్ ఉండాలి.

కావలి తమ్ముడు:
అక్కా, మీ బాధ నిజం. కానీ యూనియన్ అనగానే కంపెనీవాళ్లు "అందరూ బెంగళూరు ఆఫీసుకు వచ్చేయండి" అంటారు. మా అమ్మకు షుగర్. ఇంటి నుంచి పని ఉండబట్టే ఆమె దగ్గర ఉంటున్నాను. ఇంకో టెన్షన్ ఏమిటంటే, భద్రత తనిఖీ పేరుతో ఇంట్లో కెమెరా ఆన్ చేయమంటారు. మాకున్నవి రెండే గదులు. అయినా ఎవరింట్లో వాళ్లుండే మనం ఎక్కడ కలుస్తాం?

ఒంగోలు అన్న:
పరిహారం సంగతి కూడా ఆలోచించండి. పని చేస్తుండగా, ఆ పని వల్లే గాయమైందని చూపిస్తేనే పరిహారం. ఆఫీసులో అయితే పక్కనున్నవాళ్లు చెబుతారు. రాత్రి రెండింటికి ఇన్వర్టర్ దగ్గర షాక్ కొడితే ఇంట్లో మనకు సాక్షి ఎవరు?

వేదాయపాళెం అక్క:
అన్నా, నేను అడిగేది కూడా అదే. నొప్పి మొదలైన రోజే రాసిపెట్టి, పది మంది తరఫున కంపెనీకి పంపేవాళ్లుంటే అదే సాక్ష్యం.

తమ్ముడూ, కెమెరా భయం నాకూ ఉంది. కానీ తనిఖీకి కెమెరాయే అక్కర్లేదు. బ్రిటన్‌లో 1992 నాటి నిబంధనలు ఇంటి నుంచి కంప్యూటర్ పని చేసేవాళ్లకూ వర్తిస్తాయి. కుర్చీ, బల్ల, వెలుతురు ఎలా ఉన్నాయో యజమాని అంచనా వేయించాలి. నేర్పిస్తే ఆ అంచనా ఫారం ఉద్యోగే నింపవచ్చు. కంటి పరీక్ష కావాలంటే ఖర్చు యజమానిదే. యజమాని గుర్తించిన యూనియన్‌కు భద్రతా ప్రతినిధులను పెట్టుకునే హక్కు అక్కడ 1977 నిబంధనల నుంచే ఉంది.

మన దేశంలో మాత్రం ఇల్లు లెక్కలోకి రాలేదా? 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లనూ కార్మికులుగానే చూసింది. ఆకు, పొగాకు ఇంటికి పంపినవాడు యజమాని అయినప్పుడు, ల్యాప్‌టాప్ పంపినవాడు ఎందుకు కాడు? ఇంటి దగ్గర పనిచేసేవాళ్లకూ భద్రతలో సమాన రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒప్పందం తెచ్చింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. అది అడగాల్సిందీ మనమే.

ఎక్కడ కలుస్తామంటావా? మీ కావలికి దగ్గర్లోని దూబగుంట ఆడవాళ్లు కూడా ఎవరి ఇంట్లో వాళ్లుండేవాళ్లే. రాత్రి బడిలో కలుసుకున్నారు, 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. యూనియన్ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు కలిసి దరఖాస్తు పెట్టవచ్చు. సిబ్బందిలో పది శాతమో వంద మందో, ఏది తక్కువైతే అంత సభ్యత్వం మాత్రం చూపించాలి.

కావలి తమ్ముడు:
బెంగళూరు రమ్మంటే అమ్మను ఏం చేయాలన్నదానికి ఇంకా జవాబు రాలేదక్కా. అది తేలకుండా సంతకం పెట్టలేను. "ఇంట్లో కెమెరా వద్దు, యూనియన్‌లో చేరినందుకు ఎవరినీ ఆఫీసుకు పిలవొద్దు" అన్న రెండూ మొదటి డిమాండ్లుగా రాయండి. రాసింది చూసి, మా టీమ్‌లో ఇంకో నలుగురితో నేనే మాట్లాడతాను.