నేటాల్ ఓడ జాబితాలో ఇద్దరు అప్పలసామిలు: పేరును బట్టి మనవాడని తేల్చవచ్చా?

గోస్తనీతీరం:
మా తాతగారి పెదనాన్న చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవారు. ఇప్పుడు డర్బన్‌లోని ఒక కుటుంబం ఆయనే తమ మూలపురుషుడని మాకు రాసింది. వారు చూపించిన ఆధారం ఓడ జాబితాలోని ఒక వరుస: అప్పలసామి, తండ్రి రామన్న, జిల్లా విశాఖపట్నం, తాలూకా గజపతినగరం. మావాడి పేరు, తండ్రి పేరు, తాలూకా అన్నీ సరిపోయాయి. అయితే అదే పేరు, అదే తండ్రి పేరుతో కొన్నేళ్ల తర్వాతి ఓడలో మరో వరుస కనిపించింది. అందులో ఊరు కొత్తవలస, తాలూకా గడి ఖాళీ. వాళ్లను వంశవృక్షంలో చేర్చేద్దామని మా చిన్నాన్న అంటున్నారు. ఆగుదామని నేను. మీరేమంటారు?

పాతరేవు:
ఆగండి. మద్రాసు నుంచి కూలీలతో బయలుదేరిన మొదటి ఓడ ‘ట్రూరో’ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్లినవారు 1,52,184 మంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారే. ఇక మన ఉత్తరాంధ్రలో పేర్లు ఎలా పెట్టేవారో చూడండి. సింహాచలం అప్పన్న మొక్కుతో అప్పన్నలు, అప్పలసామిలు, అప్పలనరసమ్మలు. పైడితల్లి పేరున పైడయ్యలు, పైడమ్మలు. ఒక్క ఊళ్లోనే పది మంది తేలతారు. ఊళ్లో వాళ్లను వేరు చేసేది ఇంటిపేరు. ఓడ జాబితాలో వయసు, కులం, ఎత్తు, ఒంటిమీద గుర్తులకు కూడా గడులున్నాయి కానీ ఇంటిపేరుకు లేదు. మీకు సరిపోయాయంటున్న మూడు గడులూ ఎవరికైనా సరిపోయేవే.

ఊరిబంధువు:
పాతరేవు గారూ, మీ లెక్కన చూస్తే మన ఇళ్లలో ఏ వంశవృక్షమూ నిలవదు. నాలుగో తరం దాటితే మనందరికీ ఉన్నది పెద్దవాళ్ల నోటిమాటే కదా! ఇక్కడ నోటిమాటకు తోడు పేరు, తండ్రి పేరు, తాలూకా ఉన్నాయి. ఒక్కొక్కటి విడిగా బలహీనమే, అన్నీ ఒకచోట కలిస్తే బలహీనం కాదు. పైగా వాళ్లు నూరేళ్ల తర్వాత వెతుక్కుంటూ వచ్చారు. గుమ్మంలో నిలబెట్టి రుజువు అడగడం మర్యాదేనా?

పాతరేవు:
మర్యాదకు భోజనం పెట్టండి, వద్దన్నదెవరు? వంశవృక్షంలో రాయడం వేరే సంగతి. రేపు అదే కాగితాన్ని ఎవరైనా ఓసీఐ కార్డు (విదేశాల్లోని భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) దరఖాస్తుకు జతచేస్తారు. అక్కడ ముత్తాత ఎవరన్నది సరదా విషయం కాదు.

ఇక పేరు, తండ్రి పేరు కలిశాయన్న వాదన. మనకు మనవడికి తాత పేరు పెట్టే ఆచారం ఉంది. రామన్న కొడుకు అప్పలసామి. అతని కొడుకుకు తాత పేరు, అంటే రామన్న. ఆ రామన్న కొడుకు మళ్లీ అప్పలసామి. ఒకే ఇంట్లో తాతా మనవడూ ఇద్దరూ ‘రామన్న కొడుకు అప్పలసామి’లే! ఇక అన్నదమ్ములు విడిపోయి ఎవరికి వారు తండ్రి పేరు పెట్టుకుంటే, అదే ఇంటిపేరుతో, ఇంచుమించు అదే వయసులో ముగ్గురు అప్పలసామిలు. జంట కుదిరింది కదా అని మనిషి దొరికాడనుకుంటే ఎలా?

ఉమ్గేని:
డర్బన్‌లో ఉంటాను, ఇక్కడి సంగతి కొంత చెబుతాను. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చారు. ట్రూరో వాళ్లతో ఒకటి నుంచి మొదలై చివరిదాకా వరుసగా నడిచింది. పేరును గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు, సంఖ్య మాత్రం మనిషిని వదల్లేదు. వలస కూలీల వ్యవహారాలు చూసే ప్రొటెక్టర్ అనే అధికారి కార్యాలయంలో నమోదైన పెళ్లి, పిల్లల పుట్టుక, ఒప్పందం ముగిశాక ఇచ్చిన విడుదల పత్రం, 1895 చట్టంతో వచ్చిన మూడు పౌన్ల పన్ను రసీదు: వీటిలో ఆ సంఖ్య కోసం వెతకాలి. ఇక్కడి ఇంటిపేర్లను మాత్రం నమ్ముకోకండి. చాలా ఇళ్లలో తండ్రి పేరో, నాయుడు అన్న బిరుదో తర్వాతి తరాలకు ఇంటిపేరు అయిపోయింది.

మరొక మాట. మీరంతా ఇద్దరు మనుషులని ఖాయం చేసుకుని వాదిస్తున్నారు. ఒప్పందం ముగిశాక ఇంటికి పోయి, అక్కడ బతుకు సాగక మళ్లీ ఓడ ఎక్కినవారు ఉన్నారు. ఆ రెండు వరుసలూ ఒక్క మనిషివే కావచ్చు. వయసు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు పక్కపక్కన పెట్టి చూశారా?

ఊరిబంధువు:
మశూచి మచ్చలు అప్పట్లో సగం ఊరికి ఉండేవి. వాటితో ఏం తేలుతుంది?

పాతరేవు:
మచ్చ ఒక్కదానితో తేలదు, నిజమే. కానీ ఎడమ చేతికి వేలు లేదని రాసి ఉంటే? ఉమ్గేని గారి మాటకు ఒకటి కలుపుతాను. ఆ వరుసకు పైనా కిందా ఉన్న వరుసలు కూడా చదవండి. ఒకే ఊరి నుంచి కలిసి బయలుదేరినవారు, ఒకే కుటుంబంవారు తరచుగా పక్కపక్క సంఖ్యల్లోనే ఉంటారు. పైవాడూ కిందివాడూ మీ ఊరివాళ్లయితే అది మూడు పేర్లు కలవడం కంటే గట్టి ఆధారం. అలాగే జాబితాలో ‘మరణించాడు’, ‘ఇండియాకు తిరిగి వెళ్లాడు’ వంటి వివరం కొన్నిచోట్ల ఉంటుంది. పెళ్లి కాకుండా ఒప్పందం మధ్యలోనే పోయినవాడు ఎవరికీ మూలపురుషుడు కాలేడు కదా.

గోస్తనీతీరం:
డర్బన్ వాళ్లను పాత కాగితాలు అడిగాను. వాళ్ల నాయనమ్మ పెట్టెలో పెళ్లి నమోదు పత్రం ఉందట, ఫోటో పంపారు. దానిమీది సంఖ్య మొదటి వరుసది కాదు, రెండోది. కొత్తవలస వాడిది. ఎత్తు చూస్తే ఇద్దరికీ చాలా తేడా ఉంది, ఒక్కడే అనుకోవడానికి లేదు. ఈ సంగతి చిన్నాన్నకు చెప్పగానే, మన వాళ్లకు ఒకప్పుడు కొత్తవలసలో కూడా భూములుండేవని అందుకున్నారు. ఇన్నేళ్లలో నేను ఆ మాట వినలేదు.

పాతరేవు:
ఏ కొత్తవలసట? ఆ పేరున్న ఊళ్లు విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎన్ని ఉన్నాయో ముందు ఆయన్నే లెక్కపెట్టమనండి.