ప్రీ-వెట్ రెండో ఏడాది: రీసెర్చ్ ల్యాబ్‌లో చోటు దొరకడం ఎలా?

రాలీ అమ్మాయి
నమస్తే అండి. నార్త్ కరోలినాలో బయాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తర్వాత వెటర్నరీ కాలేజీకి అప్లై చేయాలి. వారాంతాల్లో కుక్కల షెల్టర్‌లో పని చేస్తున్నాను, ఒక డాక్టర్ గారి క్లినిక్‌కీ వెళ్తున్నాను. రీసెర్చ్ మాత్రం సున్నా. సెప్టెంబర్ నుంచి 14 మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను: "నాకు జంతువులంటే ప్రాణం, మీ ల్యాబ్‌లో అవకాశం ఇవ్వండి" అని. ఒక్కరు జవాబిచ్చారు, అదీ ఖాళీ లేదని. ఎన్‌ఎస్‌ఎఫ్ (అమెరికా ప్రభుత్వ సైన్స్ సంస్థ) వాళ్ళు డిగ్రీ విద్యార్థులకు నడిపే రీసెర్చ్ ప్రోగ్రాం ఆర్‌ఈయూకి సిటిజన్ అయినా, గ్రీన్ కార్డ్ అయినా ఉండాలట. నేను హెచ్4, అంటే ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మేకల అక్క
చెల్లీ, నేను డీవీఎం (పశువైద్య డిగ్రీ) రెండో ఏడాది. ముందు ఆ మెయిల్ పక్కన పెట్టు. జంతువులంటే ప్రాణం అని వాళ్ళకు రాసేవాళ్ళందరూ అంటారు. నీకేం తెలుసుకోవాలనుందో అందులో ఎక్కడా లేదు.

నేనూ అలాగే రాసి అలాగే ఊరుకున్నాను. తర్వాత యానిమల్ సైన్స్‌లో ఒకాయన పేపర్ చదివాను, మేకల కడుపులో రక్తం తాగే హీమోంకస్ పురుగు మీద. పల్నాడులో మా తాతయ్య మేక కనురెప్ప కిందికి లాగి, లోపల తెల్లగా ఉంటే రక్తం తగ్గిందని మందు పట్టించేవాడు. ఫామాచా కార్డులోని ఐదు రంగులతో వీళ్ళు చూసేదీ అదే! నాలుగు వాక్యాలు రాశాను: తాతయ్య సంగతి, "రెప్ప ఎర్రగానే ఉండి పెంటికల్లో పురుగు గుడ్లు మాత్రం ఎక్కువగా ఉన్న మేకలను ఏం చేస్తారు?" అన్న ప్రశ్న, మంగళ, గురువారాలు పొద్దున ఖాళీ అని, సామాను కడగమన్నా వస్తానని. రెండు రోజుల్లో రమ్మన్నారు.

మొదటి నెలంతా పెంటికలే. రెండు గ్రాములు తూచి, 28 మిల్లీలీటర్ల ఉప్పు ద్రావణంలో నలిపి, వడగట్టి, గుడ్లు లెక్కపెట్టే మెక్‌మాస్టర్ స్లైడులో పోయాలి. రెండు గదుల్లోనూ గుడ్లు లెక్కపెట్టి 50తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. ఒకే మేకకు ఒక్కో రోజు ఒక్కో లెక్క వస్తుంటే నాకు పిచ్చెక్కేది. ఎందుకలా వస్తుందని తవ్వుకుంటూ పోవడమే నా ప్రాజెక్టు అయింది. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడింది కూడా దాని గురించే.

వెట్ కాలేజీ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకు. పిడుదుల మీద పని చేసే ఎంటమాలజీ (కీటకశాస్త్రం) వాళ్ళనూ అడుగు. ఇంకొకటి, జంతువులను ముట్టుకునే ముందు ఐఏసీయూసీ (జంతువుల మీద ప్రయోగాలను పరిశీలించే యూనివర్సిటీ కమిటీ) ఆమోదంలో నీ పేరు చేరాలి, ట్రైనింగ్ కూడా పూర్తి చేయాలి. దానికి వారాలు పట్టవచ్చు. వేసవికి కావాలంటే జనవరిలోనే కదులు.

ఇద్దరు పిల్లల నాన్న
అమ్మా, మా అబ్బాయిదీ ఇదే పరిస్థితి. హెచ్4 మీద జీతం తీసుకోకూడదు. రీసెర్చ్‌ను క్రెడిట్ కోర్సుగా రిజిస్టర్ చేసుకో, రికార్డులోనూ ఉంటుంది. 21 నిండేలోపు ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మారాలి కదా, ఆ తర్వాత చదువు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. జీతం లేకుండా ఊరికే చేస్తాననే ముందు కూడా ఇంటర్నేషనల్ ఆఫీసును అడుగు.

వెటర్నరీ కాలేజీలకు అప్లై చేసే వీఎంక్యాస్ ఫారంలో రీసెర్చ్‌కు వేరే భాగం ఉంది కానీ, చాలా కాలేజీలు దాన్ని తప్పనిసరి చేయలేదు. దీని కోసం క్లినిక్ మానేయకు. వెటర్నరీ గంటలు పశువైద్యుల పర్యవేక్షణలో చేసినవే లెక్కకొస్తాయి.

రాలీ అమ్మాయి
అక్కా, అంకుల్, ఇప్పుడు ఊపిరాడుతోంది. మా అమ్మమ్మ గేదెల చెవుల్లో పిడుదులు ఏరుతుంటే పక్కన కూర్చునేదాన్ని. ఎంటమాలజీ పేపర్ ఒకటి తెరిచి పెట్టుకున్నాను. ప్రొఫెసర్‌కే రాయనా, ల్యాబ్‌లోని పీహెచ్‌డీ వాళ్ళకా?

మేకల అక్క
ప్రొఫెసర్‌కు రాసి, పీహెచ్‌డీ వాళ్ళకు కాపీ పెట్టు. నీకు పక్కన కూర్చుని పని నేర్పేది వాళ్ళే. పంపే ముందు ఆ మెయిల్ ఇక్కడ పెట్టు, ఈ రాత్రికే చూస్తాను. గేదె చెవి సంగతి మాత్రం తీసేయకు.