స్కాచర్డ్ గ్రాఫ్ వంపుకు అసలు కారణం ఏది?

శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం బోధిస్తున్నాను. కణాల గ్రాహకాలకు ఇన్సులిన్ అతుక్కునే తీరుపై అభ్యాసానికి దొరికిన దత్తాంశంతో (రేడియోధార్మిక అయోడిన్-125 తగిలించిన ఇన్సులిన్, 15 డిగ్రీల సెల్సియస్, 90 నిమిషాలు) స్కాచర్డ్ గ్రాఫ్, అంటే అతుక్కున్న ఇన్సులిన్‌కూ స్వేచ్ఛగా మిగిలినదానికీ ఉన్న నిష్పత్తిని అతుక్కున్న మొత్తానికి ఎదురుగా చూపే గ్రాఫ్, గీస్తే, సరళరేఖ రావలసిన చోట మొదట నిటారుగా దిగి, ఆపై కొడవలిలా వంగి సాగే రేఖ వస్తోంది. నిర్దిష్టం కాని బంధనాన్ని, అంటే మామూలు ఇన్సులిన్ అధికంగా కలిపిన గొట్టాల లెక్కను, తీసివేసినా వంపు పోలేదు. రెండు రకాల బంధన స్థానాలున్నాయనే నమూనా చక్కగా సరిపోతోంది. అయితే ఒక అణువు అతుక్కోగానే మిగతా స్థానాల పట్టు సడలుతుందనే, 1973లో ఈ గ్రాహకానికే ప్రతిపాదించిన, రుణాత్మక సహకారమూ ఇదే వంపునిస్తుంది కనుక ఆ సరిపోలికను నేను రుజువుగా భావించడం లేదు. రేడియోధార్మికతను కొలిచే గామా కౌంటర్ మా కళాశాలలో లేదు కనుక కొత్తగా కొలవలేను. సమతాస్థితిలో కొలిచిన ఈ అంకెలతోనే ఆ రెండింటినీ వేరుచేసే మార్గం ఏదైనా ఉందా?