అకిలీస్ పక్కన ప్లాంటారిస్ కనిపిస్తే తీయించాలా, ముందు పిక్కకు బలం పెంచాలా?

గచ్చిబౌలి_రన్‌కోచ్:
ఆగస్టులో హైదరాబాద్ మారథాన్. ఫ్లైఓవర్లు ఎక్కి దిగే రూటు కాబట్టి జూన్, జూలైల్లో మడమ వెనక నొప్పి అనే రన్నర్లు ఎక్కువవుతారు. వాళ్ల స్కాన్ రిపోర్టుల్లో ఈమధ్య ఒక మాట తరచూ కనబడుతోంది: అకిలీస్ (పిక్కని మడమకి కలిపే లావాటి టెండన్, అంటే కండరాన్ని ఎముకకి అంటించే తాడు) లోపలి అంచున మందమైన ప్లాంటారిస్ టెండన్. తీయించేయమని ఒకరు, దాని జోలికే పోవద్దని ఇంకొకరు చెబుతున్నారు. ఏది సరైనది?

అనాటమీ_టీచర్:
ప్లాంటారిస్ మోకాలి వెనక, తొడ ఎముక బయటి వైపు మొదలవుతుంది. కండ వేలెడంత. టెండన్ మాత్రం సన్నగా, పొడవుగా పిక్క పై కండరం గ్యాస్ట్రాక్నీమియస్‌కీ, దాని అడుగునున్న సోలియస్‌కీ మధ్య నుంచి ఏటవాలుగా లోపలి వైపుకి దిగి మడమ దాకా వస్తుంది. అది చేసే పని స్వల్పం, అందుకే చేతి సర్జన్లు తెగిన టెండన్ స్థానంలో అతికించడానికి (గ్రాఫ్ట్ కోసం) దాన్ని నిశ్చింతగా తీసుకుంటారు. పదిమందిలో ఒకరికి ఇది ఉండదని పుస్తకాలు రాస్తాయి. 2011లో నెదర్లాండ్స్‌లో 107 కాళ్లు డిసెక్షన్ చేస్తే అన్నింటిలోనూ దొరికింది, కానీ కింద అతుక్కునే చోటు తొమ్మిది రకాలుగా ఉంది. కొన్నింటిలో మడమ దాకా విడిగా వస్తుంది, కొన్నింటిలో అకిలీస్‌కే గట్టిగా అంటుకుపోతుంది. కాబట్టి అది ఉందన్నంత మాత్రాన జబ్బు కాదు. అకిలీస్ పక్కన జారుతోందా, పట్టేసిందా అన్నది రిపోర్టులో రాయించండి.

సర్జన్_సికింద్రాబాద్:
టీచర్ గారు చెప్పినదంతా నిజమే, కానీ వదిలేయడానికి అది కారణం కాదు. మడమ దించే వ్యాయామానికి ప్రపంచమంతా పేరు తెచ్చిన స్వీడన్ సర్జన్ హోకాన్ ఆల్ఫ్రెడ్‌సనే 2011లో ఈ సంగతి రాశారు. ఆయన ఆపరేషన్ చేసిన 73 అకిలీస్ టెండన్లలో 58 చోట్ల ప్లాంటారిస్ లావెక్కి, లోపలి అంచుకి ఆనుకునో, లోనికి చొచ్చుకునో ఉంది. లాగి కొలిచి చూస్తే ప్లాంటారిస్ అకిలీస్ కన్నా బిరుసు. రెండూ ఒకేలా సాగవు, పక్కపక్కనే ఉంటే ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. నొప్పి మధ్యలో కాకుండా లోపలి అంచునే ఉండటానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనబడదు. ఆపరేషన్ కూడా పెద్దది కాదు. ఆ చోటికే మత్తు ఇచ్చి, లోపలి వైపు చిన్న కోత పెట్టి, అకిలీస్ ముందు భాగాన్ని గీకి ప్లాంటారిస్ ముక్కని తీసేస్తాం.

పిక్క_ఫిజియో:
డాక్టర్ గారూ, ఆ 73 వ్యాయామంతో తగ్గక ఆపరేషన్ దాకా వచ్చినవి. వాటిలో ప్లాంటారిస్ కనబడిందని, మొదటిసారి నొప్పి వచ్చిన రన్నర్‌కి అదే కారణమని ఎలా అంటాం? మీరే రాశారు, అదే కోతలో అకిలీస్ ముందున్న భాగాన్నీ గీకుతారు. కొత్తగా పుట్టిన రక్తనాళాలూ, వాటి వెంట వచ్చిన సన్న నరాలూ తెగేది అక్కడే. నొప్పి తగ్గితే ఆ పుణ్యం ప్లాంటారిస్ తీసినందుకా, గీకినందుకా?

ఇంకో సంగతి. ‘ఫిజియో చేయించాం, తగ్గలేదు’ అనే వాళ్లలో చాలామంది చేయించుకున్నది ఐఎఫ్‌టీ (చర్మం మీద ప్యాడ్లు పెట్టి ఇచ్చే సన్న కరెంటు), వేడి కాపడం. వాటితో టెండన్‌కి బలం రాదు. 2015లో డెన్మార్క్‌లో పరీక్షించిన బరువుల పద్ధతి ఇదీ: వారానికి మూడు రోజులు. నిలబడి మడమలెత్తడం గ్యాస్ట్రాక్నీమియస్‌కి, కూర్చుని మోకాళ్లు మడిచి ఎత్తడం సోలియస్‌కి. ఎత్తడానికి మూడు సెకన్లు, దించడానికి మూడు. మొదటి వారం 15 చొప్పున మూడు సెట్లు. 2-3 వారాల్లో 12 చొప్పున మూడు, 4-5 వారాల్లో 10 చొప్పున నాలుగు, 6-8 వారాల్లో 8 చొప్పున నాలుగు, 9 నుంచి 12వ వారం దాకా 6 చొప్పున నాలుగు. సెట్ల మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతి. ఎత్తాల్సిన సంఖ్య తగ్గినప్పుడల్లా బరువు పెరగాలి. ఆఖరిది ఎత్తాక ఇంకొకటి ఎత్తలేనంత బరువు ఉండాలి. జనం తప్పేది ఇక్కడే, పన్నెండు వారాలూ ఒంటి బరువుతోనే లాగించేస్తారు. ఇంట్లో అయితే 20 లీటర్ల వాటర్ క్యాన్‌ని తువ్వాలు వేసి తొడ మీద, మోకాలికి దగ్గరగా పెట్టుకుని మొదలుపెట్టొచ్చు. కొన్ని వారాల తర్వాత అది చాలదు, జిమ్‌లో మెషీన్ కావాల్సిందే.

చేసేటప్పుడు నొప్పి పదికి ఐదు దాకా ఫర్వాలేదు. మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో పట్టేసినట్టుండటం ఎప్పటికన్నా పెరిగిందా, బరువు తగ్గించండి.

లోపలి అంచు నొప్పికి ఒక మార్పు చెబుతాను. మెట్టు అంచున నిలబడి మడమ కిందికి జార్చకండి. పాదం అలా పైకి వంగినప్పుడు ప్లాంటారిస్ అకిలీస్‌కి నొక్కుకోవచ్చని కొందరి అంచనా. మొదటి ఆరు వారాలు చదును నేల మీదే చేయండి. పిక్క సాగదీసే స్ట్రెచింగ్ ఆపండి. గొంతుక్కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ వీలైనంత తగ్గించండి. మడమ కింద 12 మిల్లీమీటర్ల హీల్ లిఫ్ట్, రెండు బూట్లలోనూ పెట్టండి. ఇన్ని చేసినా తగ్గకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

స్కాన్_రూమ్:
రిపోర్టు రాసేవాళ్ల వైపు నుంచి కొంత చెప్పాలి. పేషెంటుని బోర్లా పడుకోబెట్టి పాదం మంచం అంచు దాటి వేలాడేలా ఉంచాలి. చర్మం మీద ఆనించే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ని అడ్డంగా పెట్టి పిక్క మధ్య నుంచి మడమ దాకా ప్లాంటారిస్‌ని వెంబడిస్తూ రావాలి. మడమ దగ్గర మాత్రమే చూస్తే అది అకిలీస్‌లో భాగంలా కనబడి మోసం చేస్తుంది. ప్రోబ్ కోణం కాస్త వాలినా టెండన్ నల్లబడి చిరిగినట్టు కనిపిస్తుంది, కాబట్టి అటూ ఇటూ వాల్చి చూడాలి. రక్తప్రవాహం చూపించే డాప్లర్ పెట్టేటప్పుడు పాదం వదులుగా ఉండాలి, ప్రోబ్ ఆనీ ఆనకుండా ఉండాలి. పాదం బిగబట్టినా, గట్టిగా నొక్కినా రక్తప్రవాహం కనబడదు. రెండో కాలు తప్పకుండా చూడాలి. నొప్పి లేని కాలిలోనూ ప్లాంటారిస్ అంతే మందంగా, అంతే దగ్గరగా ఉంటే ఆ మాట రిపోర్టులోకి ఎక్కాలి.

మరో సంగతి, అకిలీస్‌కి లోపలి వైపు మెత్తటి ఉబ్బు ఉంటే అదనపు సోలియస్ కండరం కావచ్చు. గడ్డ అనుకుని బయాప్సీ దాకా పోకముందే ఎమ్మారై తీస్తే, మిగతా కండరంలాగే కనబడి విషయం తేలిపోతుంది.

మెడికల్‌షాప్_అమీర్‌పేట:
టెండన్ నొప్పి ఉన్నవాళ్లు జ్వరానికో, యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కో సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లు చీటీ లేకుండా కొనుక్కుని వేసుకోవద్దు. టెండన్ తెగే ప్రమాదం గురించి 2008లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వీటి మీద బాక్స్ హెచ్చరిక (గడి కట్టి ఇచ్చే అతి గట్టి హెచ్చరిక) పెట్టించింది. అరవై దాటినవాళ్లకీ, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకీ ముప్పు ఇంకా ఎక్కువ.

సర్జన్_సికింద్రాబాద్:
మెడికల్‌షాప్ గారి మాటకి ఒకటి కలుపుతాను. ఒక్క సూదితో తగ్గిపోతుందని ఎవరైనా అకిలీస్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తానంటే వద్దనండి.

ఫిజియో గారూ, మీరు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. గీకకుండా ప్లాంటారిస్ ఒక్కటే తీసి, పక్కపక్కన పోల్చితే తప్ప తేలదు. మీరు రాసిన పద్ధతిలో బరువులు ఎత్తకుండా వచ్చినవాళ్లని నేనూ టేబుల్ ఎక్కించను. కానీ పన్నెండు వారాలు పద్ధతిగా చేశాక కూడా మడమకి నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన, లోపలి అంచున వేలు పెట్టి చూపించే నొప్పి మిగిలి, స్కాన్‌లో ప్లాంటారిస్ అక్కడే అతుక్కుని ఉంటే ఇంకా ఆగమనడం నాకు అన్యాయమనిపిస్తుంది.

పిక్క_ఫిజియో:
వేలితో చూపించే నొప్పి అన్న షరతుకి ఒప్పుకుంటాను. పన్నెండు వారాలకి ఒప్పుకోను, ఆరు నెలలు ఇవ్వండి. టెండన్ మారడం నెమ్మది, చాలామందికి మూడో నెల దాటాకే పరుగులో తేడా తెలుస్తుంది. ప్లాంటారిస్ తీసినా పిక్క బలహీనత అలాగే ఉంటుంది, ఆపరేషన్ తర్వాత ఆ బరువులే మళ్లీ ఎత్తాలి.

గచ్చిబౌలి_రన్‌కోచ్:
మరి ఈ ఆగస్టుకి పేరిచ్చినవాళ్ల సంగతి?

పిక్క_ఫిజియో:
కోచ్ గారూ, ఒంటికాలి మీద, మోకాలు వంచకుండా మడమ పూర్తిగా ఎత్తుతూ ఎన్ని చేయగలరో రెండు కాళ్లకీ లెక్కపెట్టండి. నొప్పి కాలు బాగా వెనకబడితే 42, 21 కిలోమీటర్లు రెండూ వద్దు. 10కి మార్పించి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నడవమనండి. ఎక్కేటప్పుడే పాదం ఎక్కువగా పైకి వంగుతుంది. దిగేటప్పుడు చిన్న అడుగులు.