పాపకి నాలుగు నెలలు, హిమోగ్లోబిన్ 9.8. కాపర్-టి వేయించుకోవచ్చా?

కొత్తచిగురు:
వయసు 26. మొదటి కాన్పు, నార్మల్. పాపకి నాలుగు నెలలు, తల్లిపాలే ఇస్తున్నా. పోయిన నెల పీరియడ్స్ మళ్లీ మొదలయ్యాయి. ముందు నుంచీ బ్లీడింగ్ ఎక్కువే: ఆరు రోజులు, మొదటి రెండు రోజులు గడ్డలు పడతాయి. మొన్న టెస్టులో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. రెండో కాన్పుకి మూడేళ్లు ఆగాలనుకుంటున్నాం. పీహెచ్‌సీలో కాపర్-టి ఉచితంగా వేస్తామన్నారు, ప్రైవేటు డాక్టరు మాత్రం హార్మోన్ ఉండే రకం వేయించుకోమంటున్నారు. ఇంట్లోవాళ్లేమో లూప్ (గర్భం రాకుండా గర్భసంచిలో వేసే ఈ రెండు రకాలూ) వేసుకుంటే ఒళ్లు పాడవుతుంది, పాలిచ్చినన్నాళ్లూ ఏం కాదులే అంటున్నారు. ఏది నయం, వేసేటప్పుడు ఏం చేస్తారు, ఎంత నొప్పి ఉంటుంది, లూప్‌కి వేలాడే దారం సంగతేంటి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నర్సక్క:
ముందు చివరి మాట తేల్చుకుందాం. పాలివ్వడం వల్ల గర్భం రాకుండా ఉండాలంటే మూడూ ఉండాలి: బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, రాత్రీపగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, నెలసరి తిరిగి రాకూడదు. మీకు మూడోది పోయింది కాబట్టి ఆ ధీమా ఇక వద్దు. లూప్ వేయించుకునేదాకా కండోమ్ వాడండి.

ఏది నయం అన్నదానికి జవాబు మీ హిమోగ్లోబిన్‌లోనే ఉంది. కాపర్-టి వేశాక నెలసరి రక్తం మామూలుకన్నా సగం వరకు పెరగొచ్చు, మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరీ. 12 ఉన్నవాళ్లు దాన్ని తట్టుకుంటారు. 9.8తో, అదీ ముందు నుంచే గడ్డలు పడుతున్నవాళ్లకి కాపర్ వేస్తే ఆరు నెలల్లో ఆయాసం వచ్చి తీయించేసుకుంటారు. తర్వాత "లూప్ పడలేదు" అని ఊరంతా చెబుతారు. పడకపోవడం కాదు, మనిషిని చూసి రకం ఎంచలేదంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాల్లో రక్తహీనత ఉన్నవాళ్లకి కాపర్ నిషేధం కాదు, "వేయొచ్చు, కానీ గమనిస్తూ ఉండాలి" అనే వర్గంలో ఉంది. హార్మోన్ రకానికి ఆ షరతు కూడా లేదు.

హార్మోన్ రకం అంటే 52 మి.గ్రా. లెవోనార్‌జెస్ట్రెల్ ఉన్నది. మిరెనా, ఎమిలీ పేర్లతో దొరుకుతుంది. మొదట్లో రోజుకి 20 మైక్రోగ్రాముల చొప్పున గర్భసంచి లోపలే వదులుతుంది. లోపలి పొర పలచబడి, ఏడాది తిరిగేసరికి చాలామందిలో రక్తం పదో వంతుకు దగ్గరగా పడిపోతుంది. అయిదుగురిలో ఒకరికి నెలసరే ఆగిపోతుంది. చెడు రక్తం లోపల పేరుకుంటుందని భయపడతారు గానీ, పొరే పెరగనప్పుడు పేరుకోవడానికి ఏముంటుంది? పాలకీ బిడ్డకీ ఇబ్బంది లేదు. చిక్కల్లా మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్క చుక్కగా మరక కనిపిస్తూనే ఉంటుంది. పూజలూ వ్రతాలూ ఉన్న ఇళ్లలో బ్లీడింగ్ కన్నా దీనికే ఎక్కువ విసుగు పుడుతుంది, ముందే మనసులో పెట్టుకోండి. కొందరికి మొటిమలు, రొమ్ముల సలుపు, అండాశయంలో నీటిబుడగలు. బుడగలు చాలామటుకు వాటంతటవే పోతాయి.

గర్భం ఆపడంలో రెండూ గట్టివే. మొదటి ఏడాదిలో వెయ్యిమందికి కాపర్-టి 380ఎతో ఆరు నుంచి ఎనిమిది, హార్మోన్‌తో రెండు గర్భాలు నిలుస్తాయి.

డబ్బు కుదరక కాపరే అనుకుంటే: పీహెచ్‌సీలో రెండు రకాలు ఉంటాయి, 380ఎ పదేళ్లకి, 375 అయిదేళ్లకి. మీకు మూడేళ్లే కావాలన్నా 380ఎ వేయించుకోవచ్చు, అనుకున్నప్పుడు తీయించుకోవచ్చు. ఈలోపు ఆశా ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు (ఒక్కోదాంట్లో 60 మి.గ్రా. ఐరన్) రోజుకి రెండు పడతాయేమో ఏఎన్ఎమ్‌ని అడగండి. కాల్షియం మాత్రకీ దీనికీ రెండు గంటల తేడా ఉండాలి. టీ, కాఫీలతో కలిపి వేసుకుంటే మింగినా వృథా.

గైనిక్_వార్డు:
నర్సక్క చెప్పినదానితో ఏకీభవిస్తున్నా. వేసే పద్ధతి నేను రాస్తాను, ఎందుకంటే తర్వాత వచ్చే తంటాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

ఎప్పుడంటే: కాపర్ అయితే నెలసరి మొదలైన 12 రోజుల లోపు ఎప్పుడైనా, ఆ క్షణం నుంచే పనిచేస్తుంది. హార్మోన్‌ది 7 రోజుల లోపు వేస్తే వెంటనే, తర్వాత వేస్తే ఇంకో ఏడు రోజులు కండోమ్. బ్లీడింగ్ ఉండగానే వేయాలన్న పట్టింపు లేదు. గర్భం లేదని తేలితే చాలు.

ముందు చేత్తో పరీక్ష చేసి గర్భసంచి ముందుకు వంగి ఉందా, వెనక్కా అని చూడాలి. ఈ మెట్టు దాటేస్తేనే గుచ్చుకుపోయేది. తర్వాత దారిని తెరిచి ఉంచే స్పెక్యులం పెట్టి, గర్భాశయ ముఖాన్ని పోవిడోన్ అయోడిన్‌తో తుడిచి, పై పెదవిని వల్సెల్లం అనే పట్టుకారుతో పట్టి నెమ్మదిగా లాగుతారు. దాంతో లోపలి దారి తిన్నగా అవుతుంది. అప్పుడు సౌండ్ అనే సన్నటి కడ్డీతో లోతు కొలుస్తారు. మామూలుగా 6 నుంచి 9 సెం.మీ. ఆరు కన్నా తక్కువ వస్తే వేయకూడదు. ఆ కొలతకి, లూప్‌ని లోపలికి చేర్చే గొట్టం మీది నీలం రింగుని జరిపి, టి చేతుల్ని ప్యాకెట్ లోపలే, వేళ్లు తగలకుండా మడుస్తారు. మడిచి అయిదు నిమిషాలు దాటితే చేతులు మళ్లీ సరిగా విచ్చుకోవు, అందుకే ముందే మడిచి పెట్టుకోకూడదు.

అసలు కీలకం ఇది: గొట్టం లోపలికి వెళ్లాక, గొట్టంలో లూప్ వెనక ఉండే తెల్ల కడ్డీని కదలకుండా పట్టుకుని గొట్టాన్ని వెనక్కి లాగాలి. కొత్తవాళ్లు ఇంజెక్షన్‌లా కడ్డీని ముందుకు తోస్తారు, గర్భసంచి గోడకి చిల్లి పడేది అలాగే. మరీ కిందనే వదిలేస్తే ఇంకో రకం బాధ: రోజూ కడుపునొప్పి, కొన్ని వారాల్లో జారి బయటికి. 375కి తెల్ల కడ్డీ ఉండదు, మడిచే పనీ లేదు.

చిల్లి పడే ప్రమాదం మొత్తమ్మీద వెయ్యికి ఒకటి. పాలిచ్చే తల్లుల్లో గర్భసంచి గోడ మెత్తగా ఉంటుంది కాబట్టి ముప్పు అయిదారు రెట్లు ఎక్కువ, అంటే వెయ్యికి అయిదారు. వద్దనేంత కాదు. కానీ తరచూ వేసే చేతితోనే వేయించుకోండి, "సౌండ్ పెట్టి లోతు చూస్తారు కదా" అని మొహమాటపడకుండా అడగండి.

నొప్పి మూడు చోట్ల తెలుస్తుంది: వల్సెల్లం పట్టినప్పుడు చురుక్కున, సౌండ్ పెట్టినప్పుడు, టి వదిలినప్పుడు. కాన్పు అయినవాళ్లకి తక్కువ. గంట ముందు భోజనం చేసి ఐబుప్రొఫెన్ 400 వేసుకుంటే ఆ తర్వాతి నొప్పులకి పనికొస్తుంది, పాలిచ్చేవాళ్లూ వాడొచ్చు. భయం ఎక్కువగా ఉంటే లిగ్నోకైన్‌తో మత్తు అడగండి, చాలాచోట్ల అడిగితే తప్ప ఇవ్వరు. అయిపోయాక చటుక్కున లేవొద్దు, పది నిమిషాలు పడుకోండి. కొందరికి కళ్లు తిరుగుతాయి.

విజయవాడ_మెడికల్స్:
వేశాక అయిదు రోజులు యాంటీబయోటిక్ తప్పనిసరి. నెల నెలా స్కాన్ కూడా చేయించుకోవాలి, జారిపోతుంది.

గైనిక్_వార్డు:
రెండూ అక్కర్లేదండీ. ఇన్ఫెక్షన్ ముప్పు మొదటి 20 రోజుల్లోనే ఎక్కువ. అది వేసేటప్పటి శుభ్రత మీదా, అప్పటికే సుఖవ్యాధి ఉందా లేదా అన్నదాని మీదా ఆధారపడుతుంది. అందరికీ మాత్రలు ఇచ్చి లాభం లేదు. జ్వరం, పొత్తికడుపులో నొప్పి, వాసన వేసే తెల్లబట్ట కలిసి వస్తే అదే రోజు వెళ్లాలి. స్కాన్ దారం కనిపించనప్పుడే. మొదటి నెలసరి అయ్యాక ఒకసారి చూపించుకుంటే చాలు. ఇబ్బంది లేనివాళ్లకి నెల నెలా స్కాన్ తీసి "కొంచెం కిందికి ఉంది" అని రాసి, బాగున్న లూప్ తీయించిన కేసులే ఎక్కువ. లూప్ కాడ గర్భాశయ ముఖంలోకి దిగితేనే మార్చాలి.

కొత్తచిగురు:
చాలా థాంక్స్ అక్కా, డాక్టర్ గారూ. దారం నేనే చూసుకోవాలట, ఎలా? ఆయనకి గుచ్చుకుంటే? నేను మెన్‌స్ట్రువల్ కప్ వాడతాను, దాంతో ఊడి వస్తుందా?

నర్సక్క:
నెలసరి అయిపోయాక నెలకోసారి, మొదటి మూడు నాలుగు నెలలు చూసుకుంటే చాలు. జారిపోయేవి ఎక్కువగా అప్పుడే, అదీ నెలసరిలోనే జారతాయి. మొదటి ఏడాదిలో నూటికి రెండు నుంచి పది దాకా పోతాయి. చేతులు కడుక్కుని గొంతుకూర్చోండి. మధ్యవేలు లోపలికి పెడితే ముక్కు కొనలా గట్టిగా, గుండ్రంగా తగిలేది గర్భాశయ ముఖం. దాని మధ్యలో దారం తగలాలి. పట్టి లాగొద్దు. దారం బదులు గట్టి ప్లాస్టిక్ మొన తగిలితే సగం జారిందని అర్థం. దారం పోయిన నెల కన్నా బాగా పొడుగైనా అంతే. ఆ రోజు నుంచే కండోమ్ వాడుతూ వెళ్లి చూపించుకోండి.

దారం 3, 4 సెం.మీ. వదిలి కత్తిరిస్తారు. కొన్ని వారాలకి మెత్తబడి ముఖం చుట్టూ ఒదిగిపోతుంది. గుచ్చుకునేది మరీ పొట్టిగా కత్తిరించినప్పుడే, అప్పుడది సూదిమొనలా నిలబడుతుంది. కాబట్టి "ఆయన కోసం ఇంకాస్త పొట్టిగా" అని అడగడం తప్పు. అలా అడిగితే తీసేటప్పుడూ అందదు.

కప్ వాడొచ్చు. కాకపోతే కాడ పట్టి గుంజొద్దు. అడుగున రెండు వేళ్లతో నొక్కి, గాలి చొరబడ్డాక తీయండి. గాలి వదలకుండా గుంజితే దారంతో పాటు లూప్ రావచ్చు. మొదటి రెండు మూడు నెలలు ప్యాడే మంచిది.

పాలపిట్ట:
దారం తగలకపోతే ఏం చేస్తారన్నది చాలామందికి సగమే తెలుసు. ముందు గర్భం టెస్ట్. తర్వాత చిన్న బ్రష్‌ని గర్భాశయ ముఖంలో తిప్పితే పైకి ముడుచుకున్న దారం తరచూ దిగుతుంది. దిగకపోతే స్కాన్. స్కాన్‌లో గర్భసంచి ఖాళీగా ఉందంటే "ఎప్పుడో జారిపోయింది లెండి" అని పంపించేస్తారు, అక్కడ ఆగకూడదు. పొట్ట, కటి మొత్తం పడేలా ఎక్స్‌రే తీస్తేనే జారిందా, గోడ దాటి కడుపులోకి వెళ్లిందా తేలుతుంది. వెళ్లి ఉంటే లాప్రోస్కోపీతో తీస్తారు.

లూప్ ఉండగా గర్భం వస్తే రెండు పనులు ఆలస్యం కాకూడదు: ట్యూబులో గర్భమేమో స్కాన్‌తో తేల్చుకోవడం, లోపలే అయితే దారం అందుతున్నంత తొందరగా లూప్ తీయించడం. బిడ్డని ఉంచుకోవాలనుకున్నా తీయించాల్సిందే. వదిలేస్తే గర్భస్రావం, ఇన్ఫెక్షన్ ముప్పు ఇంకా ఎక్కువ.

ఇది చదివే గర్భిణులకి ఒక మాట: కాన్పు అయిన 48 గంటల్లోపు, సిజేరియన్‌లో అయితే ఆపరేషన్ బల్ల మీదే కాపర్-టి వేయించుకోవచ్చు. ఆ గడువు దాటితే మళ్లీ ఆరు వారాల తర్వాతే. ఇలా వేసినవి కాస్త ఎక్కువగా జారతాయి, దారం మొదట్లో కనిపించకపోవచ్చు. మీ ఒప్పుకోలు లేకుండా వేయకూడదు. ఇంటికొచ్చేముందు డిశ్చార్జి కాగితంలో "పీపీఐయూసీడీ" (కాన్పు అయిన వెంటనే వేసే లూప్) అని ఉందేమో చూసుకోండి. కొన్నిచోట్ల నొప్పుల మీద ఉన్నప్పుడు సంతకం పెట్టించుకోవడమే ఒప్పుకోలు అయిపోతోంది, అది పద్ధతి కాదు.

డాలస్_పిన్ని:
అమెరికాలో ఉన్నవాళ్ల కోసం: ఇక్కడ పారాగార్డ్ అనేది మన 380ఎ, పదేళ్లకి. మిరెనాని గర్భనిరోధానికి ఎనిమిదేళ్ల దాకా ఉంచొచ్చని ఇక్కడ అనుమతి ఉంది. ఇండియాలో వేయించుకుని వచ్చినవాళ్లు కార్డు మీద రకం, వేసిన తేదీ ఫోటో తీసి పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే. ఎంఆర్ఐకి కాపర్-టి అడ్డం కాదు, కాకపోతే ముందే చెప్పాలి.

కొత్తచిగురు:
అయితే హార్మోన్‌దే వేయించుకుంటా. మూడేళ్లకి తీయించాక గర్భం రావడానికి ఎన్నాళ్లు ఆగాలి? మధ్యలో గర్భసంచికి రెస్ట్ ఇవ్వాలంటున్నారు.

నర్సక్క:
రెస్ట్ అనేది ఏదీ లేదు తల్లీ. తీసిన నెలే గర్భం రావచ్చు. మళ్లీ వేయించుకోవాలన్నా పాతది తీసిన బల్ల మీదే కొత్తది వేస్తారు. తీయడం నిమిషం పని: దారాన్ని ఫోర్సెప్స్ (పట్టుకారు)తో పట్టి నెమ్మదిగా, తిన్నగా లాగితే చేతులు పైకి ముడుచుకుని వచ్చేస్తుంది. ఇంకా పిల్లలు వద్దనుకుంటూ తీయిస్తున్నవాళ్లు మాత్రం అంతకుముందు ఏడు రోజులు కలవకుండా ఉండాలి, లేదా కండోమ్ వాడాలి. లోపల అప్పటికే ఉన్న వీర్యకణాలకి లూప్ తీసేసిన సంగతి తెలియదు కదా.

మీరు అపాయింట్‌మెంట్ తీసుకునేముందు ఆ రక్తపు గడ్డలకి కారణం ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే కణితి) కాదని ఒక్క స్కాన్‌తో తేల్చుకోండి. గర్భసంచి లోపలి ఆకారాన్ని వంకర చేసే కణితి ఉంటే ఏ లూపూ నిలబడదు. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించండి. ఐరన్ మాత్రలు మాత్రం హార్మోన్ లూప్ వేసినా ఆపొద్దు. హిమోగ్లోబిన్ 12కి వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడాలి, అప్పటికి గానీ ఒంట్లో నిల్వలు నిండవు.