షత్రంజి, జంపఖానా: ఏది మన మాట?

ఓరుగల్లు పోరడు:
ఎల్లుండి హన్మకొండల మా చెల్లెకు పెండ్లిచూపులు. అమ్మ "షత్రంజి పరువురా" అన్నది. గుంటూరు నుంచి వచ్చిన మా వదినేమో "అది ఉర్దూ మాట అత్తయ్యా, జంపఖానా అనాలి" అన్నది. చాయ్ చల్లారేదాకా ఇదే లొల్లి. మీరే తేల్చున్రి.

పాత పంతులు:
తమ్మీ, రెండూ బయటి నుంచి వచ్చినయే. షత్రంజ్ అంటే చదరంగం. మన చతురంగమే పారసీ, అరబ్బీల మీదికెల్లి పోయి షత్రంజ్ అయింది, గళ్ల గుడ్డకు పేరై తిరిగొచ్చింది. జంపఖానా చివర ఉన్నది దవాఖానా, కార్ఖానాలలోని ఖానానే. మొదట్లో ఉన్నది పైజామాలోని జామా, అంటే బట్ట, కావచ్చు. వదినమ్మదీ పారసీ వాసనే.

మగ్గం గుంట:
గళ్ల ముచ్చట నేనొప్ప. మాది వరంగల్ కొత్తవాడ. 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలు, అంటే షత్రంజీలే, మా వాడల నేసేటియే. మా నాయిన నేసినవన్నీ అడ్డచారలే. దర్రీల పేక (అడ్డం పోగు) పడుగును (నిలువు పోగును) కప్పేస్తది. ఎర్ర పేకేస్తే ఎరుపు, నీలమేస్తే నీలం, అంతే. గళ్లు కావాలంటే రంగు మారినకాడల్లా పోగును మళ్లించి మెలెయ్యాలె. గజాల లెక్క కూలికి నేసేటోనికి అంత తీరికేడిది? చదరంగం పేరు పెట్టినోడు మా మగ్గం చూసి పెట్టలే.

పాత పంతులు:
మీ వాడలనే పెట్టిన్రని నేనన్ననా? ఎక్కడో గళ్లదానికి పెట్టిన పేరు చారలదానికీ అంటుకున్నది. ఇంకో సంగతి, ఖానా అంటే ఇల్లే కాదు, చదరంగపు గడి కూడా. అట్లయితే జంపఖానా అన్నా గళ్ల గుడ్డే! ఇది నా ఊహ, నిఘంటువు నెత్తిన రుద్దకున్రి.

మెట్‌పల్లి కోడలు:
తమిళంల జమక్కాళం, కన్నడంల జమఖానా. మన జంపఖానాల 'ప' ఏడికెల్లి దూరింది సార్?

పాత పంతులు:
జమ్‌ఖానా అని జల్ది జల్ది అనిచూడమ్మా. 'మ్'కు మూసిన పెదవులు విడేకాడ 'ప్' దానంతట అదే పలుకుతది.

మగ్గం గుంట:
సార్, నేను నాలుగుసార్లు అనిచూసిన. మా ఇంటామె ఫోన్‌ల ఎవరినో తిడుతున్ననుకున్నది. గళ్ల సంగతి మాత్రం ఇంకా ఒప్ప.

ఓరుగల్లు పోరడు:
ఇదంతా వదినకు చదివి వినిపించిన. "అయితే కుర్చీ అరబ్బీది, పరదా పారసీది, అవీ తీసెయ్. పెళ్లివాళ్లను చాప మీద కూర్చోబెడదాం" అన్నది. అమ్మ నిజంగనే చాప దులుపుతున్నది.